బాపు ఆఖరు షిఫ్టు నాడు కుత్నాహోరల బాయి దిగిన

శుక్రవారం పొద్దుగాల బాపు ఫోన్ చేసిండు. "రేపే ఆఖరు షిఫ్టు బిడ్డా. ఎల్లుండి నుంచి నేను ఖాళీ" అన్నడు.

"పైలం బాపూ" అన్న.

"ఇరవై ఎనిమిదేండ్లు పైలంగనే ఉన్న. ఇంకొక్క రోజుకు ఏమైతది?" అని నవ్విండు. దోస్తులతోని ప్రాగ్ పోతున్న అని చెప్పిన. బాయి దిగనీకి పోతున్న అని మాత్రం చెప్పలే. దిగకుంట మర్లొస్తే మల్లోసారి పరువు పోవుడెందుకని.

మాది భూపాలపల్లి. బాపుది బొగ్గుబాయిల, అంటే బొగ్గు గనిల పని. బొగ్గు తీసిన కాడ కప్పు కూలకుంట దిమ్మెలు నిలబెట్టుడు. నేను జర్మనీల డ్రెస్డెన్ అనే ఊర్ల ఎమ్మెస్ చదువుతున్న. పేరు మౌనిక. ఆ పేరు పెట్టినోళ్లకు ముందుసూపు లేదు, నా నోరు గడియసేపు సుత ఊకోదు.

మా ఇంట్ల ఒక రివాజు ఉన్నది, అది చెప్పకుంటే ఈ ప్రయాణం మీకు సమజ్ కాదు. బాపు షిఫ్టు దిగేటప్పుడు ఫోన్‌ను స్కూటర్ డిక్కీల పెట్టి పోతడు. పైకొచ్చినంక మొదలు చేసే పని ఆ ఫోన్ తీసి అమ్మకు చేసుడు. ఒక్కటే మాట చెప్తడు: "ఎక్కిన." అమ్మ, "సరే, బువ్వ పెడుతున్న, రా" అంటది. అంతే, ఫోన్ పెట్టేస్తరు. ఆ మాట వచ్చేదాక అమ్మ ముద్ద ముట్టదు. ఫోన్లు లేని కాలంల ముందుగాల ఇంటికొచ్చినోడు మా గల్లీల నుంచి "అక్కా, అన్న ఎక్కిండే" అని కేకేసి పోయెటోడు.

నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు ఓసారి పనోళ్ల ఇంటోళ్లకు బాయి సూపెడ్తమని పిలిచిండ్రు. నెత్తికి టోపీ, టోపీకి లైటు పెట్టిండ్రు. బాపు నన్ను అందరికీ సూపెట్టుకుంట, "మా పెద్దది, మస్తు ధైర్యం" అన్నడు. ఇరవై అడుగులు లోపలికి పోయిన్నో లేదో, ఎనకున్న ఎలుగు సన్నవడ్డది. నేను ఒర్రుడు షురూ చేసిన. ఎంత ఒర్రిన్నంటే నా కోసం అందర్నీ మలిపి పైకి తెచ్చిండ్రు. భయం నాది, పోయిన పరువు బాపుది. ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ మీద బాపు ఒక్క మాటనే అన్నడు. "ముందటోని మడిమెలు సూస్కుంట నడువాలె బిడ్డా. ఎదురుంగ సూస్తే చీకటే కనవడ్తది."

గా రోజు నుంచి నేను లిఫ్టు ఎక్కలే. డ్రెస్డెన్ల మా హాస్టల్ రూము ఆరో అంతస్తుల. ఏడాదిన్నర నుంచి బియ్యం మూట భుజాన ఏస్కొని మెట్లెక్కుతున్న. ఎవలన్నా అడిగితే "కసరత్తు" అని చెప్తున్న.

ఇగ ప్రయాణం కథ. నవీన్ ప్రాగ్ పోదామన్నడు. వాడిది జనగామ జిల్లా కొడకండ్ల, మా కింది అంతస్తుల ఉంటడు. స్వప్నది పెద్దవంగర పక్కన తండ, నాకన్న ఏడాది చిన్నది, నా పక్క రూమే. టికెట్లు చేసే పని నా నెత్తిన పెట్టిండ్రు. ప్రాగ్ చుట్టుపక్కల ఏమున్నయా అని ఎతుకుతుంటే కుత్నాహోర అనే పాత పట్నం కనవడ్డది. ఒకప్పుడు రాజుల ఖజానకు వెండి పైసలు కొట్టిన ఊరట. ఊరి కింద ఆ కాలపు వెండి గని ఉన్నది, చిన్న గుంపులు చేసి లోపలికి తీస్కపోతరు. తారీఖు సూసిన. శనివారం, నెలాఖరు. మా బాపు దిగే ఆఖరు రోజు. ఆడ రెండు దాటి బాపు ఇంక కిందనే ఉండే యాళ్లకు ఈడ పొద్దుగాల పదకొండు సుత కాదు. పదింటి గుంపుల మూడు టికెట్లు తీసిన. ఆ రోజు దిగకుంటే ఇగ దిగినా ఎవలికి చెప్పాలె? తెల్లారి నుంచి బాపు బాయి మనిషే కాదాయె.

శుక్రవారం నాలుగింటికి డ్రెస్డెన్ స్టేషన్ పక్క నుంచి బస్సు. రెండు గంటల తొవ్వ. ముందుగాల తీసుకుంటే టికెట్ తక్కువల పడ్తది, ఆఖరు నిమిషంల తీసుకుంటే మూడింతలు. పాస్‌పోర్టు, వీసా కార్డు సంచిల కాదు, జేబుల పెట్టుకోండ్రి. బార్డర్ల పోలీసులు బస్సెక్కి అడిగిండ్రు, నవీన్ తన సంచి మొత్తం సీటు మీద కుమ్మరిచ్చి ఎతికిండు. వాని సంచిల నుంచి సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు, కొత్త బూట్లు ఎల్లినయి. పాస్‌పోర్టు మాత్రం ఆఖరుకు ఎల్లింది.

ఆరున్నరకు ప్రాగ్ల దిగినం. ఆరుగురు పండుకునే హాస్టల్ రూముల మూడు మంచాలు తీసుకున్నం. స్టేషన్‌కు నడిచే దూరంల ఉన్నది, చాదర్లు మంచిగున్నయి, పొద్దుగాల టిఫిన్ సుత అందులనే. ఆ సాయంత్రం పాత వంతెన మీదికెళ్లి నడిచినం. వాళ్లిద్దరూ ఫొటోలు దిగుతుంటే నేను నీళ్ల దిక్కు సూస్కుంట రేపటి మెట్లు లెక్కపెడుతున్న. నూట అరవై మీద ఉన్నయని రాసిండ్రు.

శనివారం ఎనిమిది కాకముందే పెద్ద స్టేషన్ల రైలెక్కినం. గంట ప్రయాణం. రైలు ఎల్లినంక అసలు సంగతి చెప్పిన.

"అంటే మనం పోయేది చర్చి సూడనీకి కాదా?" అన్నడు నవీన్.

"చర్చి సుత ఉన్నది. ముందు బాయి."

స్వప్న నా దిక్కు సూసింది. "మాకు బాయంటే మోటరు పెట్టి నీళ్లు తోడేదే అక్కా. గందుల మనమెందుకు దిగుడు?"

అప్పుడు మొత్తం చెప్పిన. ఎనిమిదో తరగతి, టోపీ, ఒర్రుడు, బాపు ఆఖరు షిఫ్టు. మెట్లు కసరత్తు కోసం కాదని సుత చెప్పిన. నవీన్ నవ్వుతడనుకున్న. నవ్వలే. "ఏడాదిన్నర నుంచి నీ వల్లనే కదనే నా మోకాళ్లు పోయినయి. దోస్తువని నేను సుత మెట్లే ఎక్కుతున్న!" అన్నడు. స్వప్న నా చెయ్యి పట్టుకొని, "నేను నీ ఎన్కనే ఉంట, నవీన్ నీ ముందుంటడు. ఇగ నువ్వు ఏడికి ఉరుకుతవ్?" అన్నది.

కుత్నాహోర పెద్ద స్టేషన్ ఊరికి దూరం. ఆడ దిగి, ఎదురుంగ నిలవడ్డ ఒక్క డబ్బా చిన్న బండి ఎక్కాలె, అది ఊరి నడుమ దించుతది. ఆ బండిల మా పక్కన ఒక ముసలవ్వ కూసున్నది. నాకొచ్చిన జర్మన్ల పలకరిస్తే ఆమె జర్మన్ల జవాబు చెప్పింది. బాయి దిగనీకి పోతున్నం అన్న.

"మా ఆయన బొగ్గు గనిల పనిచేసిండు, దేశం ఆ చివరన. రోజూ దిగెటోడు. నేను ఒక్కరోజు సుత దిగలే" అన్నది అవ్వ.

"మా బాపుది సుత బొగ్గే" అన్న.

అవ్వ నా మోకాలు మీద చెయ్యేసింది. గనోళ్లు ఒకల్నొకలు పలకరించుకునే మాట నేర్పింది: జ్దార్ బూహ్. దేవుడు మేలు చెయ్యాలె అని దాని అర్థమట. బండి దిగేదాక మా ముగ్గురితోని పదిసార్లు అనిపిచ్చింది. స్వప్న ఒక్కసారికే పట్టింది. నవీన్ అంటే అవ్వ కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్వింది.

పది కొట్టేముందు గని ఆఫీసు కాడ ఉన్నం. ఎనకట గనోళ్లు ఏసుకున్నసొంటి తెల్లటి అంగీలు, టోపీలు, చేతి లైట్లు ఇచ్చిండ్రు. చీకట్ల మనిషి పడిపోతే కనవడాలెనని తెల్లబట్ట ఏసుకునెటోళ్లని గైడు చెప్పింది. గైడు మాసొంటి చదువుకునే పిల్లనే. నేను ఆమెకు జ్దార్ బూహ్ అన్న. ఆమె ముఖం ఎలిగిపోయింది.

ఈడ నేను ఒక పెద్ద తప్పు చేసిన. ఆమె ఇంగ్లీషుల ఇంక ఏదో చెప్తుండంగనే, నేను నవీన్ చేతుల ఫోన్ గుంజుకున్న.

"ఏందే?"

"బాయిలకు ఫోన్ తీస్కపోతరా? అగ్గిపెట్టె, సిగరెట్టు, బ్యాటరీది ఏదున్నా పైన్నే పెట్టాలె. చిన్న రవ్వ లేస్తే అందరం పోతం."

స్వప్న ఫోన్, నవీన్ లైటర్, చేతిగడియారాలు, ఆఖరుకు నవీన్ చెవుల పెట్టుకునే పాటల గుండీలు సుత గుంజుకొని లాకర్ల పెట్టి తాళమేసిన. మా ఇంట్ల చిన్నప్పటి నుంచి అన్నం తిన్నట్టు విన్న మాట అది.

చెక్కమెట్లు కిందికి పోతనే ఉన్నయి. ఒక్కొక్కటి దిగుతుంటే సల్లదనం కాళ్ల నుంచి పైకెక్కుతున్నది. నవీన్ ముందు, నేను నడుమ, నా ఎన్క స్వప్న. ఆమె ఎన్క పదిమంది దాక ఉన్నరు. మెట్లు అయిపోయినంక రాయిల తొలిచిన సందు. మొదలు నిలవడి నడిచినం, తర్వాత వంగి నడిచినం. ఆ తర్వాత అది ఎంత సన్నగయ్యిందంటే పక్కకు తిరిగి, కడుపు లోపలికి గుంజుకొని పోవాలె. టోపీ పైన రాయికి తాకి టక్కుమన్నది.

నా కాళ్లు ఆగిపోయినయి. ఊపిరి గొంతు దాటుత లేదు. గదే ఎనిమిదో తరగతి, గదే ఒర్రుడు నోట్లెకు వస్తున్నది. నవీన్ లైటు ముందుకు పోతున్నది. ఎన్క నిలవడ్డోళ్లు గుసగుసలాడుతున్నరు.

"అక్కా," అన్నది స్వప్న, చిన్నగ. "ఎన్కకు పోవాలెనంటే చెప్పు, అందర్నీ మలుపుత. నాకేం సిగ్గులేదు."

ఆ మాటతోనే నాకు రోషమొచ్చింది. మల్లోసారి నా కోసం అందర్నీ మలుపుడా? కండ్లు దించి నవీన్ మడిమెలు సూసిన. వాడు ఏసుకున్నది ఆ కొత్త బూట్లు. ఎడమ బూటు మడిమె మీద దుకాణంల అతికిచ్చిన పసుపుపచ్చ చీటీ అట్లనే ఉన్నది, సగం ధర అని రాసి. గట్టిగ నవ్వొచ్చింది. నవ్వుతోనే ఊపిరి సుత వచ్చింది. చీటీ కదిలింది, నేను కదిలిన. చీటీ వంగింది, నేను వంగిన. ఆ సందు మొత్తం నేను రాయిని సూడలే, చీకటిని సూడలే. సగం ధర చీటీని సూస్కుంట గట్టుకెక్కిన.

అవుతల చిన్న రూమంత జాగ వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నం. సుట్టు సూద్దును గదా, గుంపుల ఒక్కరు మిగలకుంట ఫోన్లు తీసి ఫొటోలు కొడుతున్నరు! నవీన్ నా దిక్కు సూసిన సూపు మర్చిపోను. నేను గైడును అడిగిన, "గ్యాసు...?"

"ఇది వెండి గని, బొగ్గు గని కాదు, మండే గ్యాసు ఉండదు" అన్నది గైడు. "ఎనకట నూనె దీపాలు పట్టుకొనే పనిచేసిండ్రు."

"మౌనికా," అన్నడు నవీన్, "పైకెక్కినంక నీ సంగతి చెప్త." దేశం గాని దేశం పోయి, ముప్పై మీటర్ల లోతుకు దిగి, ఒక్క ఫొటో లేనోళ్లం మేం ముగ్గురమే.

తర్వాత అందర్నీ లైట్లు ఆర్పమన్నది గైడు. ఆర్పినం. కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే. ఏడనో నీళ్లబొట్టు పడుతున్నది. నా వీపు మీద ఒకటి పడ్డది. భయం కాలే. బాపు ఇరవై ఎనిమిదేండ్లు గిసొంటి చీకట్ల నిలవడి మా ముగ్గురు అక్కజెల్లెండ్లను చదివిచ్చిండని మాత్రం తెలిసింది. చీకట్ల ఎవలికీ కనవడదు గదా అని కడుపు నిండ ఏడ్సిన.

పైకెక్కేసరికి పదకొండున్నర. ఎండ కొట్టంగనే నేను ఆ తెల్లంగీ తోనే గంతులేసిన. మాతోని దిగిన ఒక పెద్దాయన చప్పట్లు కొట్టిండు, ఎందుకో ఆయనకు తెల్వదు. లాకర్ తీసి అందరి సామాను వాళ్లకిచ్చిన. నవీన్ ఫోన్ తీసుకొని, "ఫొటో లేకుంటే మీ బాపు నమ్ముతడా?" అన్నడు. నిజమే, ఆ రోజు ఒర్రిన పిల్ల ఇయ్యాల దిగిన్నంటే ఎవలు నమ్ముతరు?

బాపు ఎక్కేది మన టైము నాలుగింటికి, అంటే ఈడ పన్నెండున్నర, ఇంక గంట. ఆ గంట నవీన్ అడిగిన చర్చికి, బార్బరా గుడికి పోయినం. బార్బరా అంటే గనోళ్లను కాపాడే దేవత. తొవ్వ పొడుగూత రాతి విగ్రహాలు, లోయ అవుతల ద్రాక్ష తోటలు. గుడి సూడనీకి మెడ నొయ్యాలె, అంత ఎత్తు. లోపల రాజుల బొమ్మలకన్న నాకు ఒక మూలకున్న గనోని బొమ్మ నచ్చింది. తెల్లంగీ, నడుముకు తోలు, చేతుల దీపం. ఎదురుంగ నిలవడి జ్దార్ బూహ్ అన్న. స్వప్న పులిహోర డబ్బా తీసి తినమన్నది. బాపు ఎక్కేదాక నాకు ముద్ద దిగదన్న. మా అమ్మ బిడ్డను గదా.

పన్నెండున్నర మీద ఐదు నిమిషాలకు ఫోన్ చేసిన. రెండు రింగులకే ఎత్తిండు. ఎనకాల డప్పుల సప్పుడు, తోటి పనోళ్లు సాగనంపనీకి కొడ్తున్నరు.

"ఎక్కిన బాపూ," అన్న.

"ఆఁ బిడ్డా, నేను సుత ఇప్పుడే..."

"కాదు బాపూ. నేను ఎక్కిన. బాయిల నుంచి. ఈడ వెండి బాయి ఉంటే దిగిన. ముప్పై మీటర్లు."

"ఫొటో తీసినవా?" అన్నడు.

"లేదు బాపూ. ఫోన్ పైన పెట్టి దిగిన. అందరియీ పెట్టిచ్చిన."

బాపు నవ్విండు. అంత గట్టిగ నవ్వంగ నేను ఎన్నడూ వినలే. "మరి బాయిలకు ఫోన్ తీస్కపోతరా ఎవలన్నా! కప్పు ఎట్లున్నది?"

"దిమ్మెలు లేవు బాపూ. అంత రాయే. చేత్తోని కొట్టి సూసిన, గట్టి సప్పుడే వచ్చింది."

"లైట్లు ఆర్పిండ్రా?"

"ఆర్పిండ్రు. కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే ఉన్నది."

"దిగినవ్," అన్నడు బాపు. అంతే, ఇంక ఏం అడగలే. ఫోన్ చేతుల పట్టుకొనే అందరికి వినవడేటట్టు కేకేసిండు: "ఓ తమ్మీ, మా పెద్దది బాయి దిగిందిరో!" ఎవలో ఈలేసిండ్రు, డప్పులు ఇంక జోరందుకున్నయి, ఫోన్ కట్టయ్యింది. నేను గుడి ముందట నిలవడి ఏడ్సుకుంట నవ్వుతున్న. నవీన్ జేబుల నుంచి రుమాలు తీసిచ్చిండు, "ఫొటోల కోపం మాఫ్" అని.

ఒంటిగంట దాటినంక చిన్న బండి ఎక్కినం, తిరుగు ప్రయాణం. కూసున్నమో లేదో అమ్మ ఫోన్.

"మీ బాపు నీకేమన్నా ఫోన్ చేసిండా బిడ్డా?" అన్నది. "నాలుగున్నర దాటింది. ఎక్కిన అని చెప్పలే. చేస్తే ఎత్తుత లేడు. ఆఖరు రోజు, నాకు కాళ్లు చేతులు ఆడుత లేవు."

నాకు అప్పుడు సమజైంది. ఇరవై ఎనిమిదేండ్లల్ల మొదటిసారి బాపు ఆ మాట అమ్మకు చెప్పుడు మర్చిపోయిండు. నా వల్లనే మర్చిపోయిండు.

"ఎక్కిండే అమ్మా," అన్న. "ఇద్దరం ఎక్కినం."

"ఇద్దరెవలే?"

మొత్తం చెప్పిన. అమ్మ ముక్కు చీదుకున్న సప్పుడు వచ్చింది. తర్వాత షురూ చేసింది. "మీ బాపుకు బుద్ధి లేదు, నీకు అంతకన్న లేదు. అయ్యకు తగ్గ బిడ్డవే! రానియ్యి ఆ మనిషిని ఇంటికి." తిట్లు ఎంత తియ్యగుంటయో ఆ బండిల తెలిసింది. స్వప్న డబ్బా మూత తీసింది. ప్రాగ్ వచ్చేదాక ముగ్గురం పులిహోర, సకినాలు కుమ్మినం.

ఆదివారం పొద్దుగాల ప్రాగ్ల కోట సూసి, పన్నెండింటి బస్సుకు బయలెల్లినం. కోట గురించి రాసినోళ్లు మస్తుమంది ఉన్నరు, నేను రాయ. మీరు పోతే మాత్రం కుత్నాహోరకు ఒక రోజు ఇయ్యుండ్రి. గని టికెట్ ముందుగాల తీసుకోండ్రి, ఎండకాలమైనా స్వెటర్ పెట్టుకోండ్రి. ఫోన్ తీస్కపోతే ఎవలూ ఏమనరు. నేనైతే మల్ల పోయినా పైన్నే పెట్టి దిగుత.

రెండింటికి డ్రెస్డెన్. హాస్టల్ల నవీన్ అలవాటుగ మెట్ల దిక్కు తిరిగిండు, మోకాళ్లు పట్టుకొని. నేను లిఫ్టు గుండీ నొక్కిన. ముగ్గురం లోపలికి పోయినం. తలుపులు మూసుకున్నయి. నేను కండ్లు దించి సూసిన, పసుపుపచ్చ చీటీ ఇంక ఆ బూటుకే ఉన్నది. ఆరో అంతస్తుల తలుపులు తెరుచుకున్నయి.

రూముల సంచి పెట్టి ఇంటికి ఫోన్ చేసిన. అమ్మ ఎత్తుతదనుకున్న, బాపు ఎత్తిండు. ఆదివారం సాయంత్రం, ఇగ ఏ షిఫ్టూ లేని మనిషి.

"ఎక్కిన బాపూ," అన్న.

బాపు గొంతు సవరించుకున్నడు. ఇన్నేండ్లు విన్న మాటను మొదటిసారి తన నోటితోని అన్నడు.

"సరే బిడ్డా, బువ్వ పెడుతున్న, రా."